స్పీడ్‌లైట్‌కు గొడుగు: ఎంపిక, బిగింపు

కెమెరా నెత్తిన కూర్చుని సూటిగా ముఖం మీద వెలిగే స్పీడ్‌లైట్ (విడిగా బిగించే చిన్న ఫ్లాష్) ఎంత ఖరీదైనదైనా, దాని వెలుగు వచ్చే కిటికీ అగ్గిపెట్టె కంటే కొంచెమే పెద్దది. అందుకే ముక్కు పక్కన కత్తితో గీసినట్టు నీడ పడుతుంది, నుదురు జిడ్డు పూసినట్టు మెరుస్తుంది. ఫ్లాష్‌ను కెమెరా మీంచి తీసి స్టాండుకు బిగించినప్పుడు, ఆ వెలుగును మీటరు వెడల్పు గుడ్డ మీద పరచి, ఆ గుడ్డనే దీపంగా మార్చడమే గొడుగు చేసే పని. మెత్తదనం గుడ్డ నాణ్యత వల్ల వచ్చేది కాదు. ఫొటో దిగే మనిషి కూర్చున్న చోటు నుంచి ఆ గుడ్డ ఎంత పెద్దదిగా కనబడుతుందో అంత మెత్తని వెలుగు వస్తుంది. కాబట్టి పెద్ద గొడుగు కొని దూరంగా పెట్టేవారికంటే, చిన్నదాన్నే దగ్గరికి తెచ్చేవారికి మంచి ఫలితం దక్కుతుంది.

గొడుగులు ప్రధానంగా రెండు రకాలు. షూట్‌త్రూ గొడుగు పలుచని తెల్ల గుడ్డతో ఉంటుంది. ఫ్లాష్ మనిషి వైపే చూస్తుంది, వెలుగు గుడ్డను దాటి వెళ్తుంది. రిఫ్లెక్టివ్ గొడుగుకు బయట నల్ల గుడ్డ, లోపల తెలుపు లేదా వెండి పూత ఉంటాయి. ఫ్లాష్ మనిషికి వీపు చూపి గొడుగులోకి వెలిగితే, అక్కడి నుంచి వెలుగు తిరిగి వస్తుంది. షూట్‌త్రూ గొడుగును ముఖానికి రెండు మూడడుగుల దాకా జరపవచ్చు, ఎందుకంటే కాడ వెనకవైపు ఉంటుంది. రిఫ్లెక్టివ్ రకంలో కాడ కొన మనిషి వైపు పొడుచుకుని ఉంటుంది కాబట్టి అంత దగ్గరికి తేలేం, పిల్లల ఫొటోలప్పుడు ఆ కొన కంటి ఎత్తులో లేకుండా చూసుకోవాలి కూడా.

అయితే షూట్‌త్రూ గొడుగుకు ఒక దుర్గుణం ఉంది: వెలుగులో కొంత భాగం గుడ్డకు తగిలి వెనక్కి చెదిరి గదంతా పరుచుకుంటుంది. స్టూడియోలో అది పెద్ద లెక్క కాదు గానీ, ఓణీల ఫంక్షన్‌కో, బారసాలకో వెళ్లి పది పన్నెండడుగుల గదిలో ఫొటోలు తీసేటప్పుడు పిస్తా రంగు గోడ ఆ చెదిరిన వెలుగును తన రంగులో తిరిగి పంపుతుంది, పట్టుచీరలోని తెలుపు పాలిపోయిన ఆకుపచ్చగా మారుతుంది. రంగు గోడల ఇళ్లలో లోపల తెలుపున్న రిఫ్లెక్టివ్ గొడుగే మేలు. అందుకే మొదటి కొనుగోలుగా, నల్ల తొడుగు విడదీయగలిగే 43 అంగుళాల తెల్ల గొడుగును సూచిస్తాను: తొడుగు ఉంటే ఒక రకం, తీస్తే రెండో రకం. వెండి పూత గొడుగు ఎక్కువ వెలుగునిస్తుంది గానీ చెమట పట్టిన చర్మాన్ని కఠినంగా చూపిస్తుంది. దాన్ని రెండోసారి కొనేటప్పుడు ఆలోచించవచ్చు. అరవై అంగుళాల గొడుగు కుటుంబ బృందాలకు బాగుంటుంది, కానీ ఒంటి స్పీడ్‌లైట్ దాన్ని నింపడానికి తంటాలు పడుతుంది. కొందరు తయారీదారులు గుడ్డ వంపు వెంబడి కొలిచి అంగుళాలు చెబుతారు, కాబట్టి తెరిచినప్పటి అసలు వెడల్పు తక్కువే ఉంటుంది.

ఇక బిగింపు. గొడుగు మంచిదైనా ఎక్కువమంది వెలుగును పోగొట్టుకునేది ఇక్కడే. స్టాండు పైన సాధారణంగా 5/8 అంగుళాల పిన్ను ఉంటుంది; దాని మీద తిరిగే బ్రాకెట్, బ్రాకెట్ మీద ఫ్లాష్ కూర్చునే షూ వస్తాయి. బ్రాకెట్‌ను తలకిందులుగా బిగించడం కొత్తవారు తరచూ చేసే పొరపాటు. గొడుగు కాడ దూరే రంధ్రం వంగే కీలుకు పైభాగంలో, షూ ఉన్నవైపే ఉండాలి. అది కింది సగంలోకి పోతే ఫ్లాష్ వంగుతుంది, గొడుగు మాత్రం నిటారుగా ఉండిపోతుంది. చాలా బ్రాకెట్లలో ఆ రంధ్రం కొంచెం ఏటవాలుగా ఉంటుంది. కాడను ఒకవైపు నుంచి దూరిస్తే గొడుగు ఫ్లాష్ వైపు లేస్తుంది, రెండోవైపు నుంచి దూరిస్తే కిందికి వాలుతుంది; లేచే వైపే సరైనది. సాధారణ గొడుగుల కాడ మందం సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది, కానీ ఎలింక్రోమ్ కంపెనీ స్టూడియో లైట్లలో చాలావాటి రంధ్రం 7 మిల్లీమీటర్లే, కాబట్టి రెండూ వాడేవారు కొనేముందు కొలుచుకోవాలి.

షూ పూర్తిగా లోహంతో చేసినదైతే ఫ్లాష్ అడుగు పిన్నులు దానికి తగిలి షార్ట్ అయి, ఫ్లాష్ తనంతట తానే వెలగడమో, అసలు వెలగకపోవడమో జరుగుతుంది. చిన్న ఇన్సులేషన్ టేపు ముక్క ఆ బెడద తీరుస్తుంది. గోడాక్స్ ఎస్2 లాంటి బ్రాకెట్లు ఫ్లాష్‌ను కాలు దగ్గర కాక తల దగ్గర పట్టుకుంటాయి. అందులో బోవెన్స్ మౌంటు (స్టూడియో లైట్లకు వాడే ఒక రకం బిగింపు) ఉన్న సాఫ్ట్‌బాక్సులు, అంటే వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టెలు, కూడా బిగించవచ్చు, కాబట్టి బరువును పట్టించుకోనివారు మొదటి నుంచే దాన్ని తీసుకోవచ్చు.

బిగించాక ఫ్లాష్ జూమ్‌ను, అంటే వెలుగు ఎంత వెడల్పుగా విచ్చుకోవాలో చెప్పే అమరికను, 24 మిల్లీమీటర్లకు తేవాలి. ఆటో జూమ్‌లో వదిలేస్తే అది కెమెరా లెన్సును అనుసరించి 85కో 105కో పోయి, గొడుగు మధ్యలో ఒక పళ్లెమంత చోటును మాత్రమే వెలిగిస్తుంది. అప్పుడు మీరు మోసుకెళ్లిన మీటరు గొడుగు పళ్లెమంత గొడుగే అవుతుంది. 24 మిల్లీమీటర్ల జూమ్‌లో వెలుగు అడ్డంగా సుమారు 74 డిగ్రీలు విచ్చుకుంటుంది, కాబట్టి మీటరు వెడల్పు నిండాలంటే ఫ్లాష్‌కూ గుడ్డకూ మధ్య 67 సెంటీమీటర్లయినా కావాలి, అంటే బ్రాకెట్ దాదాపు కాడ చివరికి రావాలి. ఫ్లాష్‌లో దాగి ఉండే వైడ్ ప్యానెల్‌ను (వెలుగును ఇంకా వెడల్పు చేసే పలకను) బయటికి లాగితే కాడను మరికొంత లోపలికి తోయవచ్చు, అప్పుడు స్టాండు మీద తూకం కూడా కుదురుతుంది. సరిగా నిండిందో లేదో చూడటానికి ఒక తేలికైన పరీక్ష ఉంది: ఫ్లాష్ శక్తిని 1/128కు తగ్గించి, మనిషి కూర్చునే చోటి నుంచి లెన్సు రంధ్రాన్ని ఎఫ్/16కు చిన్నది చేసి గొడుగునే ఫొటో తీయండి. తెలుపు అంచుల దాకా పాకిందో, మధ్యలోనే ముద్దగా ఉందో వెంటనే తెలుస్తుంది. ముద్ద పైకో కిందికో జరిగి ఉంటే అది మధ్యకు వచ్చేలా ఫ్లాష్ తలను కొద్దిగా వంచాలి.

గొడుగును ముఖానికి ఒక పక్కగా సుమారు 45 డిగ్రీల్లో, కంటి కంటే ఎత్తుగా పెట్టి కిందికి వంచడం మంచి ఆరంభం. కళ్లద్దాల్లో గొడుగు ఊచలు కనబడితే స్టాండును మరికొంత ఎత్తాలి. మొదటి షాట్‌కు ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును గ్రహించే సున్నితత్వం) 400, ఎఫ్/5.6, ఫ్లాష్ 1/4 శక్తితో మొదలుపెట్టి తెర మీద చూసి సవరించుకోండి. షట్టరు వేగం 1/200 సెకను దాటకపోతే చాలా కెమెరాల్లో ఫొటోకు నల్ల పట్టీ రాదు. దగ్గరగా పెట్టిన గొడుగు వెలుగు త్వరగా పడిపోతుందని జంట ఫొటోల్లో మరవకూడదు: గొడుగుకు మీటరు దూరంలో పెళ్లికూతురు, మీటరున్నర దూరంలో పెళ్లికొడుకు ఉంటే, అతని మీద పడే వెలుగు సగం కన్నా తక్కువ. గొడుగును మూడు మీటర్లకు జరిపితే అదే అరమీటరు తేడా పెద్దగా తెలియదు, బదులుగా కొంత మెత్తదనం పోతుంది. మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఒక్క స్పీడ్‌లైట్ గొడుగు ద్వారా ఎండతో పోటీ పడలేదు. చెట్టు నీడకు వెళ్లండి, లేదా పొద్దు వాలేదాకా ఆగండి.

ఆరుబయట అసలు శత్రువు గాలి. మేడ మీద సాయంత్రపు ఫొటోల్లో ఒక్క విసురుకు నా స్టాండు పడి ఫ్లాష్ షూ విరిగిన తరువాతే నేను ఇసుక సంచులు కొన్నాను. స్టాండు మూడు కాళ్లలో ఒకటి గొడుగు వాలిన దిక్కుకే ఉండాలి, కాళ్లను బాగా విప్పాలి, సంచిని అన్నిటికంటే ఎత్తుగా ఉన్న కాలికి వేలాడదీయాలి. సంచి లేకపోతే ఒక మనిషి పట్టుకోవాలి. చోటు మార్చేటప్పుడు ముందు గొడుగు ముడవండి, తరువాత స్టాండు ఎత్తండి. మంచులో తడిసిన గుడ్డను ఆరనివ్వకుండా సంచిలో పెడితే తెలుపు మీద బూజు మచ్చలు పడతాయి, అవి ఉతికినా పోవు.