ఒర్వియేటోలో ముందు బావి, సాయంత్రం చర్చి
రోమ్ వెళ్లేవాళ్లు ఒకరోజు ఒర్వియేటోకి పెట్టుకోండి, ఇటలీలోనే కొండమీద ఉన్న ఊరు, ట్రైన్‌లో ఒకవైపుకి దాదాపు గంటంబావు అంతే. పేపర్ టికెట్ అయితే ఎక్కేముందే స్టేషన్‌లో మెషిన్ దగ్గర స్టాంప్ కొట్టించుకోండి, లేదంటే ఫైన్ పడుద్ది. స్టేషన్ కొండ కింద, ఎదురుగానే ఫ్యునిక్యులర్ (కేబుల్‌తో కొండపైకి లాగే చిన్న రైలు), ఎక్కితే నిమిషాల్లో పైన. దిగిన చోటికి దగ్గర్లోనే సెయింట్ పాట్రిక్ బావి, కాళ్లలో ఓపిక ఉన్నప్పుడే ముందు అది చూసేయండి, ఎందుకంటే 248 మెట్లు దిగి మళ్లీ అన్నీ ఎక్కాలి, దిగేదారి వేరు ఎక్కేదారి వేరు, 1500ల్లో నీళ్లు మోసే గాడిదలు ఒకదానికొకటి ఎదురు పడకుండా అలా మెలికలు తిప్పి కట్టారు. లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది, జారని షూస్ వేసుకోండి. కేథడ్రల్, అంటే ఊళ్లో పెద్ద చర్చి, మాత్రం సాయంత్రానికి ఉంచుకోండి, దాని ముందు గోడ పడమటి ఎండకి ఎదురుగా ఉంటుంది, పొద్దు వాలేసరికి ఆ గోడమీద చిన్న చిన్న ముక్కలు అతికి చేసిన బంగారు మొజాయిక్ బొమ్మలు మెరుస్తుంటే అబ్బ, చూపు తిప్పుకోలేం.