డ్రైవర్ రాద్దాం – 5వ భాగం: కేబుల్ ఊడినప్పుడు

గత భాగంలో యూఎస్‌బీ పరికరాన్ని గుచ్చగానే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) మన డ్రైవర్‌లోని ప్రోబ్ ఫంక్షన్‌ను పిలవడం చూశాం. డ్రైవర్ అంటే కెర్నల్‌కూ పరికరానికీ మధ్య మాట నడిపే ప్రోగ్రాం, ప్రోబ్ అంటే అందులో కొత్త పరికరాన్ని సిద్ధం చేసుకునే భాగం. పని మధ్యలో ఆ పరికరం మాయమైతే ఏం చేయాలన్నది ఈ భాగం. దీన్ని తీరిక దొరికినప్పుడు చేర్చుకోవచ్చని కొత్తవారు అనుకుంటారు. నన్నడిగితే డ్రైవర్ రాసినవారి పనితనం తేలేది ఇక్కడే.

పలాసలో ఒక జీడిపప్పు దుకాణం అనుకుందాం. ఎలక్ట్రానిక్ కాటా నుంచి సీరియల్ తీగ, దాన్ని యూఎస్‌బీగా మార్చే కేబుల్, అవతల లినక్స్ కంప్యూటర్. బస్తా జరుపుతుంటే కేబుల్ ఊడింది. కుర్రాడు వెంటనే మళ్లీ గుచ్చాడు. అయినా బిల్లులో బరువు పడటం లేదు. కంప్యూటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేస్తే పడింది. యజమాని కేబుల్‌ను తిట్టి కొత్తది తెప్పిస్తాడు. పాపం, కేబుల్ తప్పేమీ లేదు.

లినక్స్‌లో పరికరం ఒక ఫైలులా కనిపిస్తుంది. ఊడకముందు బిల్లు ప్రోగ్రాం ఈ కేబుల్ తాలూకు టీటీవైయూఎస్‌బీ0 అనే ఫైలును తెరిచి పెట్టుకుంది. కేబుల్ ఊడినా ఆ ఫైలును మూయలేదు. మూయనంతవరకు 0 అనే సంఖ్య ఖాళీ కాదు. అందుకే తిరిగి గుచ్చిన కేబుల్‌కు కెర్నల్ టీటీవైయూఎస్‌బీ1 అని పేరు పెట్టింది. కాటా 1లో బరువులు పంపుతోంది, ప్రోగ్రాం 0 దగ్గరే కాచుకుని కూర్చుంది.

ఇప్పుడు డ్రైవర్ వైపు నుంచి చూద్దాం. పరికరం పోయిందని హబ్ (యూఎస్‌బీ సాకెట్లను చూసుకునే భాగం) చెప్పగానే కెర్నల్ దానికి 'లేదు' అని గుర్తు వేస్తుంది, నడుస్తున్న బదిలీలను రద్దు చేస్తుంది, ఆపైన మన డిస్‌కనెక్ట్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ పిలుపు అనుమతి కోసం కాదు, కబురు మాత్రమే. అప్పటికే పరికరం లేదు కాబట్టి 'ఆగు' అన్న ఆదేశం పంపినా అందుకునేవారు ఉండరు. కొత్తవారి చేయి మాత్రం ఇక్కడ ప్రోబ్‌లో కేటాయించిన మెమొరీని విడుదల చేయడానికే పోతుంది. చేస్తే ఏమవుతుంది? ఫైలు ఇంకా తెరిచే ఉంది. ప్రోగ్రాం మరోసారి చదవబోతే డ్రైవర్ ఆ విడుదలైన మెమొరీనే తాకుతుంది, కెర్నల్ కుప్పకూలవచ్చు.

పరికరం ఆయుష్షు వేరు, దాని కోసం మనం ఉంచుకున్న మెమొరీ ఆయుష్షు వేరు. అందుకే ఒక లెక్క పెట్టుకుంటాం. ప్రోబ్‌లో 1తో మొదలు. ఫైలు తెరిచిన ప్రతిసారీ ఒకటి కలుపుతాం, మూసినప్పుడు ఒకటి తీసేస్తాం, డిస్‌కనెక్ట్‌లోనూ ఒకటి తీసేస్తాం. సున్నాకు వచ్చినప్పుడే మెమొరీ విడుదల. ఇంట్లోంచి ఆఖరున బయటికి వచ్చేవారే తాళం వేస్తారు కదా, అంతే. కేబుల్ ముందు ఊడినా, ఫైలు ముందు మూసినా ఈ లెక్క తప్పదు.

లెక్క ఒక్కటే చాలదు. చదవడం, డిస్‌కనెక్ట్ కావడం రెండు ప్రాసెసర్లపై ఒకే క్షణంలో నడవవచ్చు. కాబట్టి డిస్‌కనెక్ట్‌లో ముందుగా మ్యూటెక్స్ (ఒకసారికి ఒక్కరికే చిక్కే తాళం) పట్టుకుని 'పోయింది' అనే జెండా ఎత్తండి. చదివే ఫంక్షన్ కూడా అదే మ్యూటెక్స్ పట్టుకుని, జెండా కనిపిస్తే 'పరికరం లేదు' అన్న ఎర్రర్‌తో వెనుదిరగాలి. కెర్నల్ సోర్స్‌లోని యూఎస్‌బీ స్కెలిటన్ అనే నమూనా డ్రైవర్ సరిగ్గా ఇలాగే రాసి ఉంటుంది. దాన్ని ఒకసారి ఓపిగ్గా చదవండి, నా వివరణ కన్నా అదే స్పష్టంగా ఉంటుంది.

తిరిగి గుచ్చడం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. కనెక్షన్ 100 మిల్లీసెకన్లు కదలకుండా నిలిచాకే హబ్ డ్రైవర్ దాన్ని నమ్ముతుంది, వదులు సాకెట్లతో అంత బాధ మరి. తర్వాత రీసెట్, కొత్త పరికరం సంఖ్య, మళ్లీ ప్రోబ్. పాత పరిచయం ఏదీ మిగలదు. వేగం, ఇతర అమరికలు అన్నీ మొదటి నుంచి పెట్టాల్సిందే.

ఇక మన దుకాణానికి మందు రెండు చోట్ల ఉంది. ఎర్రర్ రాగానే, లేదా చదివితే సున్నా బైట్లు రాగానే ప్రోగ్రాం పాత ఫైలును మూసి మళ్లీ తెరవాలి. తెరిచేటప్పుడు కూడా 0, 1 అనే సంఖ్యలను నమ్ముకోకుండా, యూడెవ్ (పరికరాల ఫైళ్ల పేర్లను చూసుకునే లినక్స్ ప్రోగ్రాం) నియమంతో ఆ కేబుల్‌కు శాశ్వతమైన పేరు పెట్టుకోవాలి.

అభ్యాసం: ఏదైనా యూఎస్‌బీ సీరియల్ కేబుల్ తీసుకోండి. ఒక టెర్మినల్‌లో దాని ఫైలును తెరిచి ఉంచి, కేబుల్ పీకి మళ్లీ గుచ్చండి. కెర్నల్ సందేశాల్లో కొత్త పేరు ఏమని వచ్చిందో చూడండి. తర్వాత ఫైలును మూసి, కేబుల్‌ను మళ్లీ పీకి గుచ్చి చూడండి. వచ్చే భాగంలో ఆ యూడెవ్ నియమం రాద్దాం.