రెండు దేశాల ఎయిర్‌పోర్టుల మధ్య దూరం, ప్రయాణ సమయం లెక్కకట్టడం ఎలా

ముందు మూడక్షరాల ఎయిర్‌పోర్టు కోడ్ తేల్చుకోండి. ఊరి పేరుతో వెతికితే మోసపోతారు: శాన్ హోసే అని కొడితే కాలిఫోర్నియాలోని ఎస్‌జేసీ రావచ్చు, కోస్టారికాలోని ఎస్‌జేఓ కూడా రావచ్చు. ఎల్ఓఎన్ అయితే మొత్తం లండన్ నగరానికి కోడ్. హీత్రూ కావాలంటే ఎల్‌హెచ్‌ఆర్ అనే ఇవ్వాలి.

తర్వాత రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు దశాంశాల్లో రాసుకోండి. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. 51 డిగ్రీల 28 నిమిషాలంటే 51.28 అని రాసేస్తారు. నిమిషాలను 60తో భాగించాలి కాబట్టి అది 51.47. దక్షిణ అక్షాంశానికి, పశ్చిమ రేఖాంశానికి మైనస్ గుర్తు తప్పనిసరి.

ఇక దూరం. విమానాలు గోళం మీది దగ్గరి దారిని, అంటే గ్రేట్ సర్కిల్‌ను అనుసరించాలని చూస్తాయి. మామూలు మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత ఆ దారి కాదు. హీత్రూ (51.47, -0.46), న్యూయార్క్ జేఎఫ్‌కే (40.64, -73.78) తీసుకుందాం. రెండు అక్షాంశాల సైన్‌లు గుణిస్తే 0.5095. వాటి కొసైన్‌లను గుణించి, రేఖాంశాల తేడా 73.32 డిగ్రీల కొసైన్‌తో మళ్లీ గుణిస్తే 0.1357. మొత్తం 0.6452. దీని ఆర్క్ కొసైన్ (అంటే ఆ కొసైన్ విలువ ఉన్న కోణం) 49.82 డిగ్రీలు. డిగ్రీకి 111.2 కి.మీ. చొప్పున సుమారు 5,540 కి.మీ. భూమి సరిగ్గా గుండ్రంగా లేదు కాబట్టి అర శాతం దాకా తేడా రావచ్చు, ప్రయాణానికి అది లెక్కలోది కాదు. ఎక్సెల్‌లో చేస్తే డిగ్రీలను ముందు రేడియన్లలోకి (కోణానికి మరో కొలమానం) మార్చండి, లేకపోతే అర్థంలేని అంకె వస్తుంది. నాటికల్ మైళ్లలో కావాలంటే 1.852తో భాగించండి.

సమయానికి జెట్ వేగం గంటకు 880 కి.మీ. అనుకోండి. 5,540 కి.మీ.కు 6 గంటల 18 నిమిషాలు. పైకెక్కడం, దిగడంలో వేగం తక్కువ కాబట్టి అరగంట, రన్‌వే దాకా వెళ్లడానికీ గేటు చేరడానికీ మరో అరగంట కలపండి. ఇప్పుడు గాలి సంగతి. అట్లాంటిక్ మీద జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తులో వీచే బలమైన గాలి) పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. ఎదురుగాలి గంటకు 100 కి.మీ. ఉంటే వేగం 780కి తగ్గి, ఆ కలిపిన గంటతో సహా న్యూయార్క్ వెళ్లడానికి సుమారు 8 గంటల 5 నిమిషాలు, అదే గాలి వెనక నుంచి తోస్తే వేగం 980కి పెరిగి తిరుగు ప్రయాణానికి 6 గంటల 40 నిమిషాలు. అందుకే రెండు వైపులా విడివిడిగా లెక్కకట్టాలి.

టికెట్ మీద ఉండేవన్నీ స్థానిక సమయాలు. వాటిని నేరుగా తీసివేయకుండా రెండింటినీ యూటీసీలోకి (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) మార్చండి. వేసవిలో జేఎఫ్‌కేలో రాత్రి 7 అంటే యూటీసీ 23:00. మర్నాడు హీత్రూలో ఉదయం 7 అంటే యూటీసీ 06:00. ప్రయాణం 7 గంటలు. అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారాలు ముందుకు జరుపుతుంది, బ్రిటన్ ఆ నెల చివరి ఆదివారం. ఆ మధ్య రోజుల్లో న్యూయార్క్, లండన్ సమయాల తేడా 5 గంటలు కాదు, 4. పాత తేడాతో లెక్కేస్తే గంట తప్పుతుంది, కనెక్షన్ ఫ్లైట్ ఉన్నవాళ్లకు ఆ గంట చాలా ముఖ్యం.

గగనతలం మూసి ఉంటే గ్రేట్ సర్కిల్ లెక్క పనికిరాదు. 2022లో రష్యా మీదుగా దారి మూసుకుపోయాక హెల్సింకి-టోక్యో ప్రయాణం సుమారు 9 గంటల నుంచి 13 గంటల దాకా పెరిగింది. అలాంటి రూట్లకు ఎయిర్‌లైన్ ప్రస్తుత టైమ్‌టేబుల్లోని సమయాన్నే తీసుకోండి.