పల్లె బడి పిల్లల పంటి బాధను గుర్తించడం, తగ్గించడం ఎలా?

బడిపిల్లల పళ్ళను పరీక్షించినప్పుడు ఎన్ని పళ్ళు పుచ్చాయో లెక్కపెట్టి రిజిస్టరులో రాయడం మామూలే. అయితే ఆ పుచ్చు వల్ల పిల్లవాడు ఏం తినలేకపోతున్నాడో, రాత్రి నిద్ర పడుతోందో లేదో, పాఠం మీద మనసు నిలుస్తోందో లేదో ఆ అంకె చెప్పదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల పల్లె బడుల ఉపాధ్యాయులు ముందుగా ఈ సంగతే కనుక్కోవాలి. చికిత్సకు ఎవరిని ముందు పంపాలో తేల్చవలసింది పుచ్చిన పళ్ళ సంఖ్య కాదు, ఆ బాధ తీవ్రత.

ఇందుకు పరిశోధకులు చైల్డ్ ఓఐడీపీ అనే ప్రశ్నావళిని వాడతారు. గడిచిన 3 నెలల్లో నోటి బాధ వల్ల తినడం, మాట్లాడడం, పళ్ళు తోముకోవడం, నిద్రపోవడం, మనసు కుదురుగా ఉండడం, నవ్వడం, చదువుకోవడం, నలుగురితో కలవడం అనే 8 పనుల్లో దేనికి ఇబ్బంది కలిగిందో, అది ఎంత తరచుగా, ఎంత తీవ్రంగా కలిగిందో అందులో అడుగుతారు. 11, 12 ఏళ్ళ పిల్లలు వీటికి చక్కగా జవాబు చెప్పగలరు. అయితే తరగతిలో నిలబెట్టి "పన్ను నొప్పిగా ఉందా?" అని అడిగితే, పన్ను పీకిస్తారేమోనన్న భయంతో చాలామంది "లేదు సార్" అనేస్తారు. విడిగా కూర్చోబెట్టుకుని "ఏ పక్క నములుతున్నావు?", "చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటోందా?", "రాత్రి నొప్పికి లేచావా?" అని అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది.

మధ్యాహ్న భోజనం వేళ పిల్లలను గమనించడం ఇంకా మంచిది. నొప్పి ఉన్న పిల్లవాడు అన్నం, గుడ్డు తిని వేరుశనగ చిక్కీని జేబులో వేసుకుంటాడు, లేదా కొరకకుండా చాలాసేపు చప్పరిస్తాడు. ముద్దను ఒకే దవడకు నెట్టి, మెడ కాస్త ఆ పక్కకే వంచి నములుతాడు. చిక్కీ మంచి తిండే, మానిపించనక్కరలేదు. కానీ బెల్లం పళ్ళ సందుల్లో అంటుకుపోతుంది కాబట్టి, తిన్న వెంటనే కుళాయి దగ్గర అందరిచేతా నోరు పుక్కిలింపించాలి.

ఆ తరువాత నోరు తెరిపించి దవడ పళ్ళు చూడాలి. 6 ఏళ్ళ ప్రాంతంలో ఏ పాలపన్నూ ఊడకుండానే, వాటన్నిటి వెనకాల మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది. ఇళ్ళలో దాన్ని పాలపన్నే అనుకుని, ఎలాగూ ఊడిపోతుందిలే అని పుచ్చినా వదిలేస్తారు. నా దృష్టిలో పల్లెల్లో జరుగుతున్న అతి పెద్ద నష్టం ఇదే, ఎందుకంటే ఆ పన్ను పోతే మళ్ళీ రాదు. దాని మీద నల్లటి గుంట కనిపించిన పిల్లల పేర్లను వేరుగా రాసి, పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం బడికి వచ్చినప్పుడు చూపించాలి. బుగ్గ వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా ఆ బృందం కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నొప్పి ఉన్న చోట పొగాకు గాని, మాత్ర పొడి గాని అద్దకూడదు. చిగురు కాలి పుండు పడుతుంది.

ఇంట్లో ఫ్లోరైడు ఉన్న పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమించాలి, రాత్రి పడుకునే ముందు తోమించడం మాత్రం తప్పనిసరి. 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు బఠానీ గింజంత పేస్టు చాలు. బొగ్గు, ఇటుక పొడి పంటి పై పొరను అరగదీస్తాయి.

బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో పళ్ళ మీద తెల్లటి, గోధుమ రంగు మచ్చలు వస్తాయి. నొప్పి లేకపోయినా ఆ పిల్లలు చేయి అడ్డం పెట్టుకుని నవ్వుతారు, గట్టిగా పాఠం చదవమంటే వెనక్కి తగ్గుతారు. ఆ మచ్చలు ఎంత తోమినా పోవని, అది వారి అశుభ్రత కాదని తరగతి మొత్తానికి ఉపాధ్యాయుడే చెప్పాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడు ఉంటే ఆ నీరు తాగడానికి పనికిరాదు గనుక, బడి నీటి నమూనాను గ్రామీణ నీటి సరఫరా విభాగం వారిచేత పరీక్ష చేయించాలి.