పెంపుడు పిల్లి సంరక్షణ – నాలుగవ పాఠం: పిల్లి ఎందుకు కక్కుతుంది?

గత పాఠంలో పిల్లి చిగుళ్ళ రంగు చూడడం, భుజాల మధ్య చర్మాన్ని పట్టి వదిలి ఒంట్లో నీరు తగ్గిందో లేదో తెలుసుకోవడం నేర్చుకున్నాము. ఆ రెండు పరీక్షలూ ఈ పాఠంలో అక్కరకు వస్తాయి కనుక ఇంకా సాధన చేయనివారు ముందు ఆ పని ముగించుకోవడం మంచిది. ఈ పాఠం పూర్తయ్యేసరికి, పిల్లి కక్కినప్పుడు ఏమి గమనించాలో, ఏమి రాసుకోవాలో, ఎప్పుడు ఇంట్లోనే ఆగి చూడవచ్చో, ఎప్పుడు ఉన్నపళంగా పశువైద్యుని దగ్గరకు బయలుదేరాలో మీకు తెలియాలి. రోగం పేరు చెప్పే బాధ్యత వైద్యునిది. ఆయన అడిగే ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పగలగడం మనం నేర్చుకోవలసిన విద్య.

"పిల్లులు కక్కుతూనే ఉంటాయి, అది మామూలే" అన్న మాట మన ఇళ్ళలో తరచుగా వినబడుతుంది. ఇందులో నిజం సగమే. ఎప్పుడో ఒకసారి వెంట్రుకల ఉండను కక్కి, మరునిమిషంలో గిన్నె దగ్గరకు వచ్చి అరిచే పిల్లి గురించి బెంగ అక్కరలేదు. వారంలో ఒకటి రెండుసార్లు చొప్పున నెలల తరబడి కక్కుతున్న పిల్లిని "దాని తీరే అంత" అని వదిలేయడం మాత్రం తప్పు. మూడు వారాలకు మించి సాగే వాంతులను వైద్యులు దీర్ఘకాలిక వాంతులుగానే లెక్కిస్తారు.

మొదటి మెట్టు: అది వాంతేనా?

నోటి నుంచి ఏదో పడిన ప్రతిసారీ వాంతి అయినట్టు కాదు. నిజమైన వాంతికి ముందు పిల్లి అస్థిమితంగా తిరుగుతుంది, పెదవులు నాకుకుంటుంది, పదేపదే గుటకలు మింగుతుంది, చొంగ కారుస్తుంది. పైకి రాబోతున్న ఆమ్లం వల్ల ఆహారనాళమూ నోరూ దెబ్బతినకుండా ఆ లాలాజలం ముందుగా కాపు కాస్తుంది. ఆ తరువాత డొక్కలు బలంగా లోపలికి లాక్కుంటూ, ఒళ్ళంతా కదిలేటట్టు ఓకరించి కక్కుతుంది. డొక్కల్లో ఈ శ్రమ కనబడితే అది వాంతి.

తిన్న కొద్ది నిమిషాలకే ఏ శ్రమా లేకుండా, తల వంచగానే, అరగని గింజలు గొట్టం ఆకారంలో జారిపడితే, ఆ ఆహారం జీర్ణాశయానికి చేరకుండా ఆహారనాళం నుంచే వెనక్కి వచ్చిందని అనుకోవచ్చు. ఇది తరచుగా జరుగుతుంటే ఆహారనాళంలో వాపుగాని, ఇరుకుగాని ఉందేమో చూపించాలి. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వంటి మాత్రను నీళ్ళు పట్టకుండా మింగిస్తే అది దారిలో అతుక్కుని పుండు చేస్తుందనీ, ఆ పుండు మానేటప్పుడు ఆహారనాళం ఇరుకైపోతుందనీ చాలామందికి తెలియదు. మాత్ర మింగించే పద్ధతిని తరువాతి పాఠంలో వివరంగా నేర్చుకుంటాము.

మూడవది దగ్గు. పిల్లి నేలకు కరుచుకుని, మెడను ముందుకు చాచి, గరగరమంటూ చప్పుడు చేసి, చివరికి ఏమీ బయట పడకుండా గుటక వేసి లేచిపోతే, ఇంట్లోవాళ్ళు సాధారణంగా "వెంట్రుకలు అడ్డుపడ్డాయి" అంటారు. చాలాసార్లు అది ఉబ్బసం. ఈ మూడింటినీ మాటల్లో వర్ణించి చెప్పడం కష్టం కాబట్టి, ఫోను చేతికందితే అర నిమిషం వీడియో తీసి ఉంచుకోండి. వైద్యుడు దాన్ని ఒక్కసారి చూసి చెప్పగలిగినది మనం ఎంతసేపు వివరించినా చెప్పలేకపోవచ్చు.

వాంతి కడుపులోనే పుట్టనక్కరలేదు

మెదడు దిగువ భాగంలో, మెడుల్లా అనే చోట, వాంతిని నడిపించే కేంద్రం ఒకటి ఉంది. దానికి కబురు అనేక దారుల నుంచి అందుతుంది. జీర్ణాశయమూ పేగులూ వాచినా, సాగినా, మూసుకుపోయినా నరాల ద్వారా కబురు వెళుతుంది. రక్తంలో విషపదార్థాలు చేరితే వాటిని పసిగట్టే మరో భాగం మెదడులోనే ఉంది. మూత్రపిండాలు చెడి మలినాలు రక్తంలో పేరుకున్నప్పుడు కడుపులో ఏ లోపమూ లేకపోయినా పిల్లి కక్కడానికి కారణం ఇదే. లోపలి చెవి నుంచి వెళ్ళే కబురు వల్ల ఘాట్‌ రోడ్డు ప్రయాణంలో మనుషులకు వచ్చినట్టే పిల్లికీ వాంతి రావచ్చు. కాలేయం, క్లోమం, థైరాయిడ్ గ్రంథి, మధుమేహం, ఇవన్నీ వాంతి రూపంలో బయటపడగల సంగతులే. అందువల్ల "ఏమి తిన్నది?" అన్న ఒక్క ప్రశ్నతో ఆగిపోకూడదు.

బయట పడినదాన్ని చూడడం

తుడిచేసే ముందు చూడండి, వీలైతే ఫోటో తీయండి. అరగని ఆహారం కనబడితే తిన్న తరువాత ఎంతసేపటికి వచ్చిందో రాయండి. ఎనిమిది పది గంటల తరువాత కూడా అరగకుండా వస్తే జీర్ణాశయం సరిగా ఖాళీ కావడం లేదన్నమాట. పసుపుపచ్చని పసరు, తెల్లని నురగ సాధారణంగా ఖాళీ కడుపును సూచిస్తాయి. తెల్లవారుజామున మాత్రమే పసరు కక్కి రోజంతా హుషారుగా తిరిగే పిల్లికి రాత్రి పడుకునే ముందు గుప్పెడు గింజలు పెట్టి చూడవచ్చు. ఎర్రని రక్తం, కాఫీ పొడి తడిసినట్టుండే నల్లని పలుకులు, మలం వాసన, ఈ మూడింటిలో ఏది కనబడినా ఆగకూడదు. ఏలికపాములు కనబడితే పిల్లితో పాటు దాని కూనలకూ, ఇంట్లో మరో పిల్లి ఉంటే దానికీ నులిపురుగుల మందు పట్టాలి. మోతాదు బరువును బట్టి వైద్యుడే చెప్పాలి.

వెంట్రుకల గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. పిల్లి నాలుక మీది ముళ్ళు గొంతు వైపుకు వంగి ఉండడం వల్ల, ఒళ్ళు నాకుకున్నప్పుడు ఊడిన వెంట్రుకలను ఉమ్మేయలేక మింగేస్తుంది. అందులో ఎక్కువ భాగం మలంతో పోతుంది, మిగిలినది ఉండ కడుతుంది. విశాఖలో ఈమధ్య పెంపకం పెరిగిన పర్షియన్ పిల్లులకు ఇక్కడి ఉక్కపోతలో వెంట్రుకలు బాగా రాలుతాయి. వాటిని రోజూ దువ్వితే ఉండలు తగ్గుతాయి. రోజూ దువ్వుతున్నా ఉండలు తరచుగా వస్తుంటే, గోమార్ల వల్లనో చర్మవ్యాధి వల్లనో పిల్లి అతిగా నాకుకుంటున్నదని గాని, పేగుల కదలిక మందగించి మామూలుగా పోవలసిన వెంట్రుకలు పోవడం లేదని గాని అనుమానించాలి. కక్కినదానిలో వెంట్రుకలు కనబడినంత మాత్రాన కారణం దొరికిందని సంబరపడకూడదు. అది ఆసరికి పిల్లి కడుపులో ఉన్న సరుకు మాత్రమే కావచ్చు.

మన ఇళ్ళలో దాగిన కారణాలు

పూలదండల దారంతో మొదలుపెడతాను, నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. పూర్ణా మార్కెట్ నుంచి తెచ్చిన మల్లెపూల మాల వాడిపోయాక దారంతో సహా మూల పడేస్తాము. కుట్టుమిషను దారం, సంక్రాంతి రోజుల్లో మేడ మీద తెగిపడిన గాలిపటం దారం కూడా ఇటువంటివే. పిల్లి ఆడుకుంటూ మింగిన దారం ఒక కొస నాలుక కింద చుట్టుకుని, రెండవ కొస పేగుల్లోకి దిగితే, కదులుతున్న పేగు ఆ దారం మీద ముడతలు పడి చివరికి కోసుకుపోతుంది. నోటిలోగాని, మలద్వారం దగ్గర గాని దారం వేలాడుతుంటే దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ లాగకండి. కత్తిరించకుండా, ఆలస్యం చేయకుండా అలాగే తీసుకువెళ్ళండి.

తరువాత ఫినాయిల్. ఫినాల్ జాతి పదార్థాలను విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయంలో చాలా తక్కువ. ఫినాయిల్‌తో తుడిచిన నేల ఆరక ముందే పిల్లి నడిచి, ఆ పాదాలను నాకితే చొంగ, వాంతి, నోటి పుండ్లు వస్తాయి. పిల్లి ఉన్న ఇంట్లో నేలను మామూలు సబ్బు నీళ్ళతో తుడవడం ఉత్తమం. కాలేయంలోని ఈ లోపమే పారాసెటమాల్‌ను పిల్లికి ప్రాణాంతకం చేస్తుంది. ఒక్క మాత్ర చాలు. ఒళ్ళు వెచ్చగా ఉందని పసిపిల్లలకు వేసే మందు చుక్కలు పిల్లి నోట్లో వేయడం దానికి విషం పెట్టడమే. చిగుళ్ళు గోధుమ రంగుకు మారడం, ముఖం వాచడం దాని గుర్తులు.

బాల్కనీలోని మొక్కలూ చూసుకోవాలి. మనీప్లాంటు, డైఫెన్‌బేకియా ఆకులు నమిలితే నోరు మండి చొంగ కార్చి కక్కుతుంది, సాధారణంగా ప్రాణభయం ఉండదు. గన్నేరు గుండెను దెబ్బతీస్తుంది. లిల్లీ పూలు అంతకంటే ప్రమాదం: పుష్పగుచ్ఛాల్లో వచ్చే అసలు లిల్లీల ఆకు, పువ్వు, పుప్పొడి, చివరికి కుండీలోని నీరు కూడా పిల్లి మూత్రపిండాలను ఒకటి నుంచి మూడు రోజుల్లో పాడుచేస్తాయి, మొదటి గుర్తు వాంతి. మనం దండల్లో లిల్లీ అని పిలిచే తెల్లని నేలసంపెంగ వేరే జాతి, దానికి ఈ విషం లేదు.

చేపల ఊరిలో చేప మాట ఎత్తకుండా ఉండలేము. హార్బరు నుంచి తెచ్చిన నెత్తళ్ళు, కనగర్తలు శుభ్రం చేస్తూ తలలూ పేగులూ పచ్చిగా పిల్లికి విసరడం ఇక్కడ పరిపాటి. ముళ్ళు గుచ్చుకోవడం, కుళ్ళిన భాగం తినడం అటుంచి, కొన్ని రకాల పచ్చి చేపల్లో థయామిన్ అనే విటమిన్‌ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. రోజూ అదే తిండి అయితే పిల్లి తిండి మానేసి, కక్కి, చివరికి మెడ నిలపలేక తల వాల్చేస్తుంది. ఉడికిస్తే ఆ పదార్థం నశిస్తుంది. ఉప్పూ కారమూ, ముఖ్యంగా ఉల్లీ వెల్లుల్లీ లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి పెట్టండి. ఉల్లిపాయ పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది కాబట్టి కూర ముక్కలను కడిగి పెట్టడం సరిపోదు.

బల్లి మీద పడితే మనం శాస్త్రం తిరగేస్తాము. పిల్లి బల్లిని తింటే మాత్రం దాని కళ్ళ తెల్లగుడ్డునూ చెవుల లోపలి భాగాన్నీ చూడాలి. వేడి, తేమ గల ప్రాంతాల్లో బల్లుల ద్వారా పిల్లి కాలేయానికి చేరే ఒక రకం పరాన్నజీవి ఉంది. తక్కువగా ఉన్నప్పుడు ఏ లక్షణమూ కనబడదు. ఎక్కువైతే పిల్లి చిక్కిపోయి, కక్కుతూ, కామెర్లు పడి పసుపుపచ్చగా మారుతుంది.

కొత్త క్యాట్‌ఫుడ్‌ను ఒక్కసారిగా మార్చడం, పాలు పట్టడం, గడ్డి నమలడం కూడా కారణాలే. కొత్త ఆహారాన్ని పాతదానితో కలుపుతూ వారం పది రోజుల్లో మార్చితే మొదటి చిక్కు తీరుతుంది.

ఇంట్లో చేయవలసినది, చేయకూడనిది

పెద్ద పిల్లి ఒకసారి కక్కి, చురుకుగానే ఉంటే రెండు మూడు గంటలు ఆహారం ఆపి, నీళ్ళు మాత్రం అందుబాటులో ఉంచి, తరువాత ఉడికించిన కోడిమాంసం రెండు చెంచాలు పెట్టి చూడండి. కుక్కకు చేసినట్టు పిల్లిని రోజంతా పస్తు పెట్టకూడదు. రెండు మూడు రోజులు తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరి ప్రాణం మీదకు వస్తుంది. విషం తిన్నదని ఉప్పునీళ్ళు పట్టి కక్కించే ప్రయత్నం వద్దు. మనుషుల వాంతి మాత్రలూ వద్దు.

కూన కక్కుతుంటే ఒక్క రోజు కూడా వేచి చూడకండి. టీకా పడని కూనల్లో వాంతి, విరేచనాలు, జ్వరం కలిసి వస్తే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు కావచ్చు. ఆ వైరస్ ఇంటి నేల మీద నెలల తరబడి బతుకుతుంది కాబట్టి, ఆ ఇంటికి టీకా లేకుండా మరో కూనను తేకూడదు.

అభ్యాసం

ఈ మూడు సందర్భాలను చదివి, నా జవాబు చూడకముందే మీ జవాబు నోటుపుస్తకంలో రాయండి.

మొదటిది: పెదవాల్తేరులోని ఒక ఇంట్లో రెండు పిల్లులు పక్కపక్కనే తింటాయి. వాటిలో చిన్నది తిన్న పది నిమిషాలకే గింజలు గింజలుగా కక్కి, మళ్ళీ తినబోతుంది. బరువు తగ్గలేదు. పెద్ద పిల్లి లాక్కుంటుందన్న భయంతో ఆత్రంగా మింగుతున్నదని ఊహించవచ్చు. గిన్నెలను వేర్వేరు గదుల్లో పెట్టి, గింజలను వెడల్పాటి పళ్ళెంలో పలచగా పరిచి, రోజు మొత్తం తిండిని నాలుగు పూటలు చేయండి. వారంలో తగ్గకపోతే చూపించండి.

రెండవది: అక్కయ్యపాలెంలోని పన్నెండేళ్ళ ఆడపిల్లి వారానికి రెండుసార్లు పసరు కక్కుతోంది, నీళ్ళు ఎక్కువ తాగుతోంది, ఇసుక తొట్టెలో మూత్రంతో తడిసి కట్టే ముద్దలు పెద్దవవుతున్నాయి, ఒళ్ళు చిక్కింది. ఇక్కడ తిండి ఎలా ఉందో అడగాలి. తిండి తగ్గితే మూత్రపిండాల మీద, విపరీతంగా తింటూనే చిక్కితే థైరాయిడ్ మీద, మధుమేహం మీద అనుమానం వెళుతుంది. రక్తపరీక్ష, మూత్రపరీక్ష లేనిదే తేలదు. ఈ వారంలోనే తీసుకువెళ్ళాలి.

మూడవది: గాజువాకలోని మూడేళ్ళ గండుపిల్లి ఉదయం నుంచి రెండుసార్లు నురగ కక్కింది. మాటిమాటికీ తొట్టెలోకి వెళ్ళి ముక్కుతోంది, అరుస్తోంది. ఇంట్లోవాళ్ళు మలబద్ధకం అనుకుని ఆముదం పట్టాలని చూస్తున్నారు. మీరు ముందు చూడవలసినది ఇసుక. అది పొడిగా ఉంటే మూత్రమార్గం మూసుకుపోయినట్టే భావించాలి. మగపిల్లులలో ఆ దారి చాలా సన్నం. ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు. పొట్టను నొక్కి చూడకండి, ఆముదం పట్టకండి. రాత్రి ఏ వేళైనా సరే, తెరిచి ఉన్న ఆసుపత్రికి ఫోను చేసి, "మగపిల్లి, మూత్రం రావడం లేదు, కక్కుతోంది" అని ఈ మూడు మాటలూ ముందే చెప్పి, ఆటో ఎక్కండి.