పెద్దవాళ్ల వేలిముద్ర రేషన్ మిషన్‌లో పడకపోతే
ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు ఆదాయం లేని పెద్దవాళ్లకు రేషన్ బియ్యమే ఆధారం. పొలం పనులతో, అంట్లు తోమి తోమి వేలిగీతలు అరిగిపోయి మిషన్ పట్టదు. వాళ్లు ఉత్త సంచితో వెనక్కి వస్తుంటే చూడలేం.

ముందురోజు రాత్రి వేళ్లకు కాస్త కొబ్బరినూనె రాయండి. పొద్దున్న గోరువెచ్చని నీళ్లు, సబ్బుతో కడిగి పొడిగుడ్డతో తుడవండి. జిడ్డు, తడి రెండూ ఉండకూడదు. బొటనవేలే పెట్టాలనేం లేదు. అంతగా అరగని ఉంగరపు వేలు, ఎడమచేతి వేళ్లు కూడా పెట్టి చూడండి. గట్టిగా నొక్కితే గీతలు చదునైపోతాయి, మెల్లగా ఆనించాలి. అప్పటికీ పడకపోతే కంటిపాప స్కానర్ ఉందేమో డీలర్‌ని అడగండి.

ఆంధ్రలోని పాతపట్నంలో కూతురి దగ్గర ఉంటున్నవాళ్లు, కేంద్ర ఆహార భద్రత చట్టం కింద ఇచ్చిన ఒడిశా కార్డు అయితే, దాని మీదే అక్కడి రేషన్ షాపులో బియ్యం తీసుకోవచ్చు, కార్డుకు ఆధార్ లింకై ఉండాలి.