ముందు డెక్ మీంచి చుక్కానికి చేతి సైగలు

చెన్నై హార్బర్‌లో సాయంత్రం గాలి జోరందుకుంటే, మూరింగ్ బోయా (పడవను కట్టేయడానికి నీళ్లమీద తేలే బుంగ) అందుకోవడం మా బావకీ నాకూ పెద్ద టెన్షన్. చుక్కాని ఆయనది, ముందు డెక్ నాది. బోయా దగ్గరికి గాలికి ఎదురుగా వెళ్తాం కాబట్టి ఆయన మాట నాదాకా రాదు. నేను ముందుకు తిరిగి అరుస్తాను, ఆయన కాళ్ల కింద ఇంజన్ మోత. పైగా చివరి కొన్ని మీటర్లలో పడవ ముక్కు అడ్డొచ్చి బోయా ఆయనకు అసలు కనిపించదు.

అందుకే అరుపులు మానేసి సైగలు పెట్టుకున్నాం. ఒక చేతిలో బోట్‌హుక్ (బోయా తాడు అందుకునే కొక్కెం కర్ర) ఉంటుంది, కాబట్టి అన్నీ ఒంటిచేతి సైగలే. చెయ్యి చాచి బోయానే చూపిస్తూ ఉంటాను. ఎటు తిప్పాలో చెప్పను, అది ఆయన పని. బోయా జరిగితే చెయ్యీ జరుగుతుంది. పిడికిలి పైకెత్తితే ఇంజన్ న్యూట్రల్‌లో పెట్టమని. తల మీద చెయ్యి గుండ్రంగా తిప్పితే తాడు దొరికినట్టు. ఏ సైగైనా భుజానికి పైనే చెయ్యాలి, లేకపోతే వెనకనుంచి నా వీపే కనబడుతుంది.

హెడ్‌సెట్లూ దొరుకుతాయి గానీ, బావ నోటి దగ్గర మైకు పెడితే ఇక మాటలు ఆపడు. బయల్దేరే ముందు గట్టు మీదే సైగలన్నీ ఓసారి చేసి చూసుకుంటాం. కొత్తవాళ్లు ఎక్కితే ముందు పిడికిలి నేర్పిస్తాం.